పెద్ద పందిట్లో మన చిన్న బల్ల
(యువజనుల కూడికలో చేసిన ప్రసంగ పాఠం)

 

సంఘం పెద్దలు మమ్మల్ని పిలిచి, "మీరు ఏటా కిందికి దిగి ఆ పెద్ద సభల్లో బల్ల వేసుకొని కూర్చుంటారు కదా, అదెలా చేస్తారో మన పిల్లలకు చెప్పండి" అన్నారు. మొదట ఒక మాట. మనవాళ్లు చర్చినీ సంఘమే అంటారు, ఈ సాంస్కృతిక సంఘాన్నీ సంఘమే అంటారు. కలగాపులగం కాకుండా ఈ గంటసేపు చర్చిని చర్చి అనే అంటాం. సంఘమంటే ఇదే, మనమంతా కూర్చున్న ఇదే. ఇందులో ఆదివారం గుడికి పోయేవాళ్లున్నారు, కొండదేవతకు కోడి కోసేవాళ్లున్నారు, రెండూ మానేసినవాళ్లూ ఉన్నారు. మేము చెప్పేది చర్చి సభల గురించే అయినా, రేపు మీరు ఏ మేళాలో బల్ల వేసుకున్నా పనికొస్తుందనే నమ్మకంతో వచ్చాం.

మేము ఎవరమంటే, సీతంపేట, భామిని, కురుపాం వైపు ఊళ్ల నుంచి వచ్చిన గుప్పెడు మందిమి. మా పరిచర్యకు భవనం లేదు, జీపు లేదు. ఒక రికార్డరు, ఒక పాత ల్యాప్‌టాపు, నాలుగు హెడ్‌ఫోన్లు, ఒక సంచీడు మెమరీ కార్డులు. సవర భాషలో బైబిలు కథలు, మన రాగాల్లో కట్టుకున్న పాటలు రికార్డు చేసి, ఆ కార్డుల్లో వేసి ఊళ్లకు ఇస్తాం. ఊరికి సిగ్నల్ లేకపోయినా కార్డు పాడుతుంది. కంది చేనుకు కాపలా కాస్తున్న తాత కూడా చెవి దగ్గర పెట్టుకొని వింటాడు. ఇంతే మా పని.

పుస్తకం అచ్చేయకుండా ఈ కార్డులు ఎందుకని చాలామంది అడుగుతారు. దీనికి జవాబు మీకు తెలియాలి, ఎందుకంటే ఇది చర్చి విషయం ఒక్కటే కాదు. మన భాషను రాయడానికి ఇవాళ నాలుగు దారులున్నాయి. ఆంధ్రా వైపు బడుల్లో తెలుగు లిపి. ఉమ్మడి రాష్ట్రంలో ఎనిమిది గిరిజన భాషల్లో వాచకాలు తెచ్చినప్పుడు సవర కూడా అందులో ఒకటి. ఒడిశా వైపు బడుల్లో ఒడియా లిపి. అక్కడి క్రైస్తవులు మిషనరీల కాలం నుంచి రోమన్ అక్షరాల్లో బైబిలు, పాటల పుస్తకం చదువుతారు. ఇక మంగేయి గొమాంగో గారు 1936లో మన భాషకే ప్రత్యేకంగా ఇచ్చిన సోరంగ్ సోంపెంగ్ ఉంది. దానికి 2012లో యూనికోడ్‌లో కూడా చోటు దొరికింది. ఒకే భాష, నాలుగు లిపులు! కొండకు ఇటు ఉన్న చిన్నమ్మ రాసిన ఉత్తరం కొండకు అటు ఉన్న అక్క చదవలేదు. కానీ ఇద్దరూ ఒకే పాట వినగలరు. అందుకని మేము చెవిని నమ్ముకున్నాం.

లిపి మాట వచ్చింది కాబట్టి గిడుగు రామమూర్తి పంతులు గారిని తలచుకోకుండా ముందుకు పోలేం. ఏటా ఆగస్టు 29న ఆయన పుట్టినరోజున రాష్ట్రమంతా తెలుగు భాషా దినోత్సవం చేస్తారు. మీ కాలేజీల్లోనూ చేసే ఉంటారు, వ్యాసరచన పోటీల్లో కొందరికి బహుమతులు కూడా వచ్చి ఉంటాయి. ఆ వేదిక మీద ఎవరైనా, ఈయన పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉండగా సవరలను ఇంటికి పిలిచి, వాళ్ల దగ్గర కూర్చొని ఈ భాష నేర్చుకున్నాడని చెప్పారా? సవర పిల్లల కోసం బడులు పెట్టాడని, 1931లో సవర భాషా వ్యాకరణం, 1938లో సవర నిఘంటువు అచ్చయ్యాయని చెప్పారా? మన గొంతులో నీళ్లకు చెప్పే మాట మధ్యలో చిన్న తెగింపు ఉంటుంది చూడండి, మింగేసినట్టు ఒక ఆగుడు. తెలుగులో దానికి అక్షరం లేదు. ఆయన చెవి దాన్ని పట్టుకుంది. మన భాష తెలుగుకు చెల్లెలు కాదని, ముండా కుటుంబానిదని, సంతాలీ, ముండారీలకు చుట్టమని మన పిల్లలకే తెలియదు. తెలుగు పలుకు రాక ముక్కలైన భాష అనుకుంటారు. హాస్టల్లో ఎవరో నవ్వితే నిజమే కాబోలు అని తలదించుకుంటారు.

ఇంకో మాట కూడా దాచకుండా చెప్పాలి. పియర్స్ విటెబ్‌స్కీ అనే బ్రిటిష్ పరిశోధకుడు 1970లలో ఒడిశా వైపు మన ఊళ్లలో ఉండి, చచ్చిపోయినవాళ్లతో మన గురువమ్మలు మాట్లాడించే పద్ధతి మీద పుస్తకం రాశాడు. మళ్లీ 2017లో ఇంకో పుస్తకం వచ్చింది. ఈ మధ్యలో అక్కడి పడుచువాళ్లు చాలామంది బాప్టిస్టులైపోయారు. ఆ మాటలాడించడం ఆగిపోయింది. ఆయన ఆ మార్పును తిట్టి ఊరుకోలేదు, మెచ్చుకొని ఊరుకోలేదు. ఏం పోయింది, ఏం వచ్చింది అని రెండూ లెక్క చూశాడు. మేము చర్చి పిల్లలం. అయినా ఆ లెక్క మాకూ అవసరమే. చర్చిలో తెలుగు పాటలు, తెలుగు ప్రార్థన, తెలుగు ప్రసంగం. పాస్టరుగారు మనవాడే అయినా పీఠం ఎక్కగానే తెలుగులోకి మారిపోతాడు. సవరలో ప్రార్థన చేస్తే దేవుడికి అర్థం కాదా ఏటి? మా పరిచర్య ఈ ప్రశ్నలోంచే పుట్టింది.

సరే, ఇక పెద్ద సభల సంగతి. ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో విజయవాడ గుణదల మాత ఉత్సవాలకు లక్షల మంది వస్తారని వినే ఉంటారు. కేరళలో పంపానది ఇసుక మీద మారామన్ సభలు ఎనిమిది రోజులు జరుగుతాయి. మేము వెళ్లేది వాటిలో ఏదీ కాదు. కోస్తాలో ఒక పెద్ద మైదానంలో మూడు రోజులు జరిగే సభ. పేరు చెప్పం. అక్కడ మాకు చేయి అందించినవాళ్లున్నారు, నొప్పించినవాళ్లూ ఉన్నారు. ఇప్పుడు వాళ్ల సంగతి కాదు మనకు కావలసింది.

పెద్ద సభ అంటే ఏమిటో ముందు అర్థం చేసుకోవాలి. అక్కడికి వచ్చేవాళ్లు మన కోసం రారు. పేరున్న ప్రసంగీకుడి కోసం వస్తారు, మొక్కు తీర్చుకోవడానికి వస్తారు, పెళ్లై వెళ్లిన కూతుర్ని చూసుకోవడానికి వస్తారు, నిజం చెప్పాలంటే భోజనం కోసం కూడా వస్తారు. అందులో తప్పేం లేదు. చాప పరుచుకొని, బిందె పక్కన పెట్టుకొని, పిల్లాణ్ని ఒళ్లో పడుకోబెట్టుకొని కూర్చుంటారు. మైకు నుంచి మాట వస్తూనే ఉంటుంది. ఆ మైకు ముందు మన చిన్న స్పీకరు పెట్టి పాట వేస్తే రైలు పక్కన పిల్లనగ్రోవి ఊదినట్టే. అందుకే హెడ్‌ఫోన్లు. చెవికి తగిలించగానే బయటి హోరు తగ్గి, మన అవ్వ గొంతు ఒక్కటే వినిపిస్తుంది. వైరు ఉన్నవే తీసుకెళ్లండి. వైరు లేనివి రెండో రోజుకే ఎవరి సంచిలోకో వెళ్లిపోతాయి.

బల్ల ఎక్కడ వేయాలి అన్నది సగం పని. అడిగినవాళ్లందరికీ నిర్వాహకులు పుస్తకాల దుకాణాల వరసలో చోటిస్తారు. ఆ వరసలో బైబిళ్లు, క్యాలెండర్లు, పాటల పెన్‌డ్రైవులు, గోడ గడియారాలు. అక్కడికొచ్చేవాడు జేబులో చెయ్యి పెట్టుకొని కొనడానికి వస్తాడు, మాట వినడానికి రాడు. మేము ముందురోజే వెళ్లి మైదానమంతా తిరిగి చూస్తాం. నీళ్ల డ్రమ్ముల నుంచి భోజనాల పందిరికి పోయే దారి ఉంటుంది చూడండి, అక్కడ వరస కట్టి అరగంట నిలబడతారు. ఆ వరసలో ఉన్నవాడికి చేసే పని ఏమీ ఉండదు. మా బల్ల అక్కడ ఉండాలి. దానికోసం భోజనాల కమిటీ అన్నలతో స్నేహం చేసుకున్నాం, పొద్దున్నే వెళ్లి ఆకులు తుడిచాం. పెద్ద పాస్టరుగారి ఉత్తరం కంటే ఆ అన్నల మాట మాకు ఎక్కువ పనికొచ్చింది. మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు, రాత్రి కూటం ముగిసి జనం బస్సులు, ఆటోలు వెతుక్కునే వేళ. ఈ రెండు పూటలే మనవి. మిగతా సమయంలో బల్ల దగ్గర ఒకరుంటే చాలు, మిగతావాళ్లు పందిట్లో కూర్చొని వాక్యం వినండి. స్టాల్ పెట్టుకున్నవాళ్లు సభలో కనపడకపోతే, వీళ్లు వ్యాపారానికి వచ్చారనుకుంటారు.

వేదిక మీద రెండు నిమిషాలు దొరకడం పెద్ద అదృష్టం. అది కానుక పట్టే సమయానికీ ప్రత్యేక గీతానికీ మధ్య ఇరుక్కొని దొరుకుతుంది. ఆ రెండు నిమిషాల్లో మన చరిత్రంతా చెప్పాలనిపిస్తుంది. చెప్పొద్దు. కాగితం మీద రాసుకొని, ఇంట్లో గడియారం పెట్టుకొని చదివి చూసుకోండి. మేము మొదటి వాక్యం సవరలో చెప్తాం. పందిరంతా ఒక్కసారి తలెత్తుతుంది, ఇదేటి భాష అని. వెంటనే తెలుగులో, "మీరిప్పుడు విన్నది సవర భాష. సీతంపేట కొండల్లో మాట్లాడతారు. ఈ భాషలో కథ వినాలనుకుంటే నీళ్ల డ్రమ్ముల పక్కన చిన్న బల్ల ఉంది, రండి" అంటాం. అంతే. డబ్బు మాట ఎత్తం, ప్రార్థించండని కూడా అనం. అది అందరూ అనేదే, విని మరచిపోతారు. ఎక్కడికి రావాలో తెలిస్తే కాళ్లు వస్తాయి.

కరపత్రాల గురించి ఒక సరదా సంగతి. రంగుల కరపత్రాలు వందలు పంచుతారు. సాయంత్రానికి అవి ఎక్కడుంటాయో తెలుసా? మంచు తడికి చీర పాడవకుండా అమ్మల కింద ఉంటాయి. మంచి ఉపయోగమే, కానీ మనకు కాదు. మేము పుస్తకంలో పేజీ గుర్తు పెట్టుకొనే సన్నటి అట్టముక్కలు చేయించాం. వాటి మీద సవర అంకెలు. అబోయ్, బాగు, యాగి, ఉంజి, మొన్లోయ్... అలా పన్నెండు దాకా. ఊరు మారితే పలుకు కొంచెం మారుతుంది, అది కూడా కింద రాశాం. పిల్లల్ని పిలిచి, "పదమూడు ఎలా అంటామో చెప్పండి చూద్దాం" అని ఆడిస్తాం. మన లెక్కలో పదమూడంటే పది మీద మూడు కాదు, పన్నెండు మీద ఒకటి! ఇరవై వచ్చేసరికి మళ్లీ కొత్త కట్ట. ముప్పై మూడంటే ఇరవై, పన్నెండు, ఒకటి. లెక్కల మాస్టార్లు ఆగిపోయి చూస్తారు. ప్రపంచంలో ఇలా పన్నెండుతో లెక్కపెట్టే భాషలు అరుదు. ఆ అట్టముక్కను ఎవరూ పారేయరు, బైబిల్లో పెట్టుకుంటారు. వెనకవైపు మా ఫోన్ నంబరు ఒక్కటే ఉంటుంది. ఏడాది తర్వాత కూడా, "అమ్మా, ఆ పన్నెండు లెక్కలవాళ్లేనా?" అని ఫోన్లు వస్తాయి.

ఇప్పుడు కొంచెం చేదు మాటలు. మన మేలు కోరేవాడే ఒకాయన, పెద్ద సంస్థల పనితీరు బాగా తెలిసినవాడు, బల్ల చూసి నొచ్చుకున్నాడు. "ఇలా ఐతే ఎవరిస్తారు బాబూ? చొక్కాలేని పిల్లల ఫోటోలు, కూలిన గుడిసె, ఒక ముసలమ్మ ఏడుపు, పెద్ద ఫ్లెక్సీ కొట్టించండి. జనం కరుగుతారు" అన్నాడు. మేము నవ్వి ఊరుకున్నాం. ఆ పిల్లలు మా మేనల్లుళ్లు. రేపు వాళ్లు డిగ్రీకి అదే ఊరికి వెళ్తారు. ఆ ఫ్లెక్సీ మీద ఉన్నది నువ్వే కదా అని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలి? ఫోటో తీసేటప్పుడు ఆ పిల్లాడి అమ్మ ముందు నిలబడి, ఇది ఎక్కడ పెడతామో సవరలో చెప్పి అడగగలమా? అడగలేని ఫోటో పెట్టం. మా బల్ల మీద ఉన్న ఫోటోలు మూడు. రికార్డరు ముందు కూర్చొని నవ్వుతున్న అవ్వ, జీడిమామిడి చెట్టు కింద కార్డు వింటున్న ముగ్గురు, బోర్డు మీద రాస్తున్న మా చెల్లి. వీటితో కానుకలు తగ్గాయా? తగ్గే ఉంటాయి. తగ్గనివ్వండి.

ఇంకొకటి. ముఖ్య అతిథి వచ్చేటప్పుడు ఆహ్వానంగా గిరిజన నృత్యం చేయమంటారు. "మీరంతా ఉన్నారుగా, ఆ థింసా వేయండి" అని. థింసా అరకు వైపువాళ్లది, వాళ్లకది గొప్ప ఆట. మనది కాదు. కొండవాళ్లంటే అందరూ ఒకటే అనుకొని తలో తలపాగా, ఈక ఇచ్చి నిలబెడతారు. చేస్తే కమిటీ సంతోషిస్తుంది, బల్లకు మంచి చోటు కూడా దొరుకుతుందేమో. మేము మర్యాదగానే చెప్పాం: "అయ్యా, ఆట మాకు రాదు, మా భాషలో ఒక కీర్తన పాడతాం, రెండు నిమిషాలు" అని. మొదటి ఏడు ఒప్పుకోలేదు. రెండో ఏడు ఒప్పుకున్నారు. మన డప్పు, మన గొంతు, మామూలు చొక్కాలు, చీరలు. ఆ రోజు బల్ల దగ్గర జనం నిలబడడానికి చోటు లేదు.

బల్ల దగ్గర అడిగే ప్రశ్నలకు సిద్ధంగా ఉండాలి. ప్రతి ఏడూ ఎవరో ఒకరు అడుగుతారు: "మీరు క్రైస్తవులైతే మీ ఎస్టీ సర్టిఫికెట్ పోదా?" మన కుర్రాళ్లే కొందరు ఈ ప్రశ్నకు బెదిరిపోయి బల్ల దగ్గర నిలబడరు. తెలుసుకోండి. మతం షరతు ఉన్నది 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వులో. షెడ్యూల్డ్ తెగలకు అలాంటి షరతు రాజ్యాంగంలో లేదు. 342వ అధికరణం కింద ఇచ్చిన జాబితాలో తెగ పేరే ఉంటుంది, పూజ పేరు ఉండదు. ఈ నియమం మార్చాలని డిమాండ్లు చేసేవాళ్లున్నారు, ర్యాలీలు కూడా జరిగాయి. కాబట్టి తెగ అంటే భాష, చుట్టరికం, ఊరి కట్టుబాటు కూడానని చూపించుకోవలసిన అవసరం రేపు మన చర్చి పిల్లలకే ఎక్కువగా వస్తుంది. సవర రాని సవర ఆఫీసు గుమ్మం ముందు ఏం చూపిస్తాడు? ఆ ఒక్క కారణానికైనా చర్చిలు మన భాషను పట్టించుకోవాలని మా వాదన.

రెండో ప్రశ్న చర్చి లోపలి నుంచి వస్తుంది. ఒక పెద్దమనిషి హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టి, "ఈ రాగం పాత పూజల రాగంలా ఉందే. దయ్యాల పాటలు తెచ్చి దేవుని పందిట్లో వినిపిస్తారా?" అన్నాడు. వాదన పెట్టుకోలేదు. "అయ్యా, మీ ఊళ్లో పాడే కీర్తనలకు కర్ణాటక రాగాలున్నాయి, జానపద బాణీలున్నాయి. రాగం ఎవరి సొత్తు?" అని అడిగాం. ఆయన సమాధానపడలేదు, వెళ్లిపోయాడు. కానీ ఆయన అడిగిన దాంట్లో ఒక న్యాయం ఉంది. దాని గురించి మేము ముందే తేల్చుకున్నాం. మా దగ్గర రెండు రకాల కార్డులుంటాయి. పసుపు రంగు కవరులోది చర్చి కార్డు. ఆకుపచ్చ కవరులోది ఈ సంఘం వాళ్లతో కలిసి చేసింది. కొత్తల పండుగ పాటలు, కందులు కోసేటప్పటి పాటలు, అవ్వల కథలు. పెద్ద సభకు పసుపు కార్డు ఒక్కటే తీసుకెళ్తాం. పాడిన అవ్వ ఒప్పుకున్నది ఊరివాళ్లు వింటారని. ఎవరో వచ్చి దాన్ని దయ్యమనడానికి ఆమె పాడలేదు. అలాగే పసుపు కార్డుకు ఇచ్చిన కానుకలోంచి ఆకుపచ్చ కార్డుకు ఒక్క రూపాయి వాడం, అటూ ఇటూ కలపం. రెండు చీటీ పుస్తకాలు, రెండు లెక్కలు. ఇది మాలో కొందరికి చాదస్తంగా అనిపిస్తుంది. ఒకే భాష కదా, ఒకే రికార్డరు కదా అంటారు. ఇచ్చినవాడు దేనికిచ్చాడో దానికే వాడాలి, అంతే.

డబ్బు మాట వచ్చింది కనుక, ఇది జాగ్రత్తగా వినండి. క్యూఆర్ కోడు మన సంస్థ ఖాతాకే ఉండాలి, ఎవరి సొంత ఫోనుకూ ఉండకూడదు. ఎంత నమ్మకస్తుడైనా సరే. కానుక ఇచ్చినవాళ్లకు అక్కడికక్కడే చీటీ. ఆదాయపన్ను మినహాయింపు కావాలనేవాళ్లకు, దానికి గుర్తింపు ఉన్న సంస్థకైనా రెండు వేలు దాటిన నగదుకు ఆ మినహాయింపు రాదని చెప్పి బ్యాంకు ద్వారా పంపమనాలి. అన్నిటికంటే ముఖ్యమైనది విదేశీ విరాళం. ఇలాంటి సభలకు అమెరికా నుంచి, గల్ఫ్ నుంచి సెలవుల మీద వచ్చినవాళ్లు చాలామంది ఉంటారు. పాట విని కదిలిపోయి, డాలర్లు తీసి బల్ల మీద పెడతారు. ముఖం చూస్తే మన జిల్లావాడే, మాట శ్రీకాకుళం యాసే. కానీ పాస్‌పోర్టు అమెరికాది అయితే చట్టం దృష్టిలో అది విదేశీ విరాళం. ఎఫ్‌సీఆర్‌ఏ నమోదు లేకుండా తీసుకోకూడదు. 2020 సవరణ తర్వాత, నమోదు ఉన్నవాళ్లు కూడా ముందుగా ఢిల్లీలో స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాలోనే తీసుకోవాలి. గల్ఫ్‌లో పనిచేస్తున్నా భారత పాస్‌పోర్టే ఉన్నవాడు తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా ఇస్తే అది విదేశీ విరాళం కాదు. ఈ తేడా తెలియక చిన్న పరిచర్యలు చిక్కుల్లో పడతాయి. ఒకాయన మా చేతిలో డాలర్ నోట్లు పెట్టి, తిరిగి ఇస్తే కోపగించుకున్నాడు. "ఇంత బీదవాళ్లు, ఇంత గర్వమా?" అన్నాడు. కూర్చోబెట్టి టీ ఇచ్చి చట్టం చెప్పాం. మర్నాడు ఆయన తమ్ముడు, విశాఖలో ఉద్యోగం చేసే ఆయన, రెండు హెడ్‌ఫోన్లు కొని తెచ్చి ఇచ్చాడు. ఆ హెడ్‌ఫోన్లే ఇవాళ అక్కడ ఆ బల్ల మీద ఉన్నవి.

పేర్ల పుస్తకం ఒకటి పెట్టండి. పేరు, ఊరు, ఫోను, ఏం చేయగలరు. నాలుగో గడి ఖాళీగా ఉంటే ఆ పేరుతో మనకు పనిలేదు. "ప్రార్థిస్తాను" అని రాసేవాళ్లు ఎక్కువ. సంతోషమే. కానీ ఒక ఐటీఐ కుర్రాడు "పాడైన స్పీకర్లు బాగుచేస్తాను" అని రాశాడు. ఒక రిటైరైన టీచరమ్మ "ఎక్సెల్లో లెక్కలు వేస్తాను" అని రాశారు. ఆవిడే ఇవాళ మా చీటీ పుస్తకాలు రెండూ చూస్తున్నారు. సభ అయిన వారంలోపు ప్రతి పేరుకూ ఒక ఫోన్. వారం దాటితే వాళ్లకు మీరు గుర్తుండరు, నెల దాటితే వాళ్లు మీకు గుర్తుండరు. మేము ఫోన్లు పంచుకొని చేస్తాం. సిగ్నల్ కోసం గుట్ట ఎక్కి కూర్చోవడం మామూలే.

ఇంతా చేసి ఏం వచ్చిందని అడగొచ్చు. మాకు అక్కడ దొరికినవాళ్లలో ఎక్కువమంది కోస్తా విశ్వాసులు కాదు. మనవాళ్లే! అది మేమూ ఊహించలేదు. విశాఖలో భవనాల పనికి, ఇటుక బట్టీలకు, చెన్నై వైపు కూలికి వెళ్లిన కుటుంబాలు అక్కడి చర్చిలతో కలిసి బస్సుల్లో ఈ సభకు వస్తారు. ఎవరితోనూ సవర మాట్లాడరు. వేదిక మీద మా మొదటి వాక్యం విని లేచి వస్తారు. ఒక తల్లి తన పిల్లలిద్దరినీ తెచ్చి హెడ్‌ఫోన్లు పెట్టించింది. పిల్లలకు ఒక్క ముక్క అర్థం కాలేదు. పెద్దది తీసేసి, "అమ్మా, ఇది నువ్వు ఫోనులో అమ్మమ్మతో మాట్లాడే భాష" అంది. ఆ తల్లి మూడు కార్డులు తీసుకుంది. రెండు తనకు, ఒకటి తమ మేస్త్రీకి. మేస్త్రీ కూడా మనవాడేనని, రెండేళ్లుగా కలిసి పనిచేస్తున్నా ఈ మధ్యే తెలిసిందని చెప్పింది. అలాంటి కుటుంబాల వాట్సాప్ గుంపు ఒకటి ఇప్పుడు నడుస్తోంది. ఆదివారం రాత్రి ఎవరో ఒకరు సవరలో ఒక వాయిస్ మెసేజ్ పెడతారు. బైబిలు కథే కానక్కర్లేదు. మొన్న ఒకాయన చోడి అంబలి ఎలా కాచాలో చెప్పాడు. అందరూ తప్పులు దిద్దారు.

చర్చికి పోని తమ్ముళ్లకు ఒక మాట. ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవానికి ఐటీడీఏ దగ్గర, కాలేజీల్లో స్టాళ్లు పెడతారు. అక్కడ ఆకుపచ్చ కార్డుకు బల్ల వేయండి. బల్ల ఎక్కడ వేయాలి, మొదటి వాక్యం ఏ భాషలో చెప్పాలి, ఏ ఫోటో పెట్టకూడదు, ఈ మూడూ అక్కడా ఇవే. హెడ్‌ఫోన్లు మేమిస్తాం. చీటీ పుస్తకం మాత్రం మీది వేరేగా ఉంచుకోండి.

వచ్చే ఫిబ్రవరికి మాకు ఆరుగురు కావాలి. ఇద్దరు సవర ధారాళంగా మాట్లాడేవాళ్లు, ఇద్దరు తెలుగులో బెదరకుండా జవాబు చెప్పగలవాళ్లు, ఒకరు పేర్ల పుస్తకానికి, ఒకరు పొద్దున్నే లేచి భోజనాల పందిట్లో ఆకులు తుడవడానికి. ఆ చివరి పనికి ఇంతవరకు మాలో పెద్దాయనే వెళ్తున్నారు. ఆయన మోకాళ్లు ఇప్పుడు బాగాలేవు. భోజనం, ప్రయాణం మేము చూసుకుంటాం, దుప్పటి మీరే తెచ్చుకోవాలి, అక్కడ రాత్రి మంచు బాగా కురుస్తుంది. ఇలా కుడివైపు చెల్లి దగ్గర పుస్తకం ఉంది. పేరు రాసేటప్పుడు నాలుగో గడి నింపండి. ఇంట్లో పాడగలిగే అవ్వ ఉంటే అది కూడా రాయండి, ఈ శనివారం రికార్డరు పట్టుకొని మేమే వస్తాం.